రెండొందల నాలుగో గది గారికి

తాళం ఎడమకి తిప్పి, తలుపుని కాస్త పైకెత్తాలండి,
అప్పుడే వింటది మాట.
వేడినీళ్లు ఆరు నుంచి ఏడున్నర. ఆ తర్వాత మీ అదృష్టం.

రైలు దిగినోళ్లందరూ ఇదే అడుగుతారు,
రాజమండ్రిలో ఏం చూడాలండీ అని.
నేనేమో ఏం తినాలో చెప్తాను.
చూడ్డం దానంతటదే అయిపోద్ది. ఆయ్,
తినడానికే మనిషి నడవాలి.

టిఫినుకి పెద్ద బోర్డున్న చోటికి వెళ్లొద్దు.
ఇన్నీసుపేట మలుపులో
గోడకి ఆనించిన సైకిళ్లు లెక్కపెట్టండి.
పది దాటితే లోపల పెసరట్టు బావున్నట్టే.
ఉప్మా పెట్టమని మీరు చెప్పక్కర్లేదు.
వద్దంటేనే తలెత్తి చూస్తారు,
ఏ ఊరండీ మీది, అని.

ఎండెక్కాక ఏటి వైపు పోకండి,
ఇసక కళ్లల్లో కారం కొడతది.
ఆ టైముకి తాతబ్బాయి మెస్సులో కూర్చోండి.
పనసపొట్టు కూర ఉందా అనడగండి. లేదంటాడు.
మళ్లీ అడగండి.
లోపలికెళ్లి, తనకని దాచుకున్న గిన్నెలోంచి తెస్తాడు.
మూడోసారి మాత్రం అడక్కండి,
అతనికీ ఆకలేస్తది.

వరద రాని నెలల్లో ఎవరన్నా పులస అంటే
నవ్వేసి ముందుకెళ్లిపోండి.
రోజ్‌మిల్క్ నిలబడి తాగాలి.
సీసాలో కట్టించుకుంటే అది గులాబీ రంగు పాలు, అంతే.

ధవళేశ్వరానికి షేరాటో ఎక్కండి,
డ్రైవరు పక్కన సగం సీటు దొరికితే ఇంకా మంచిది,
సగం ఒళ్లు గాల్లో, సగం ఒళ్లు బజ్జీల వాసనలో.
ఆనకట్ట దగ్గర గేట్ల కింద నీళ్లు తెల్లగా విరుగుతుంటే
ఫోటో తీయకండి కాసేపు.
ఏ చుక్క గౌతమిలోకి, ఏ చుక్క వసిష్ఠలోకి అన్నది
ఆ నీళ్లకే తెలీదు అక్కడ.

కడియంలో మొక్క కొనొద్దు.
అందరూ కొంటారు, బోగీలో ఒళ్లో పెట్టుకుని పసిపిల్లలా తీసుకెళ్తారు,
మూడో అంతస్తు బాల్కనీలో అది ఎండిపోయినరోజు
నన్ను తిట్టుకుంటారు.

సాయంత్రం పుష్కరఘాట్‌లో హారతి ఎలాగూ చూస్తారు.
జనం లేచాక, ఎడమ చేతి వైపు,
పడవ టిక్కెట్ల గది వెనకాల
పల్లాలమ్మ బండి ఉంటది. పిడతకింద పప్పు.
ఉల్లిపాయ మీద నిమ్మకాయ పిండుతూ
గింజల్ని రెండు వేళ్లతో ఆపేసేది.
డబ్బులివ్వబోతే, ముందు తినవయ్యా,
బావుందో లేదో తెలీకుండా ఇస్తావేంటి, అనేది.

ఉంటది అన్నానా?
ఉండేదండి.
నిరుడు వరద తీశాక బండి రాలేదు.
ఆ జాగాలో ఇప్పుడో కుర్రాడు ఫోను కవర్లమ్ముతున్నాడు,
ఎవరండీ ఆవిడ, అన్నాడు.

అయినా ప్రతి గదికీ చెప్తూనే ఉన్నాను.
నాకు రాత్రంతా ఈ బల్ల, పగలంతా నిద్ర.
పైగా ఊళ్లో వాళ్లం, చూడ్డం ఎప్పుడో మానేశాం.
కొత్తోళ్లైతే అన్ని సందుల్లోకీ తొంగి చూస్తారు.
రెండొందల ఒకటి ఆయన దేవీచౌక్ దాకా తిరిగొచ్చాడు పాపం.
నూటెనిమిదిలో దిగిన కొత్తజంట
గోకవరం బస్టాండు దగ్గర ఒకావిడ్ని చూశామన్నారు.
గింజలు ఆపుతుందా, అన్నాను.
గమనించలేదండీ, అన్నారు.
ఆ పిల్ల మాత్రం కాసేపాగి,
మా ఆయన పంటి కింద గింజ పడిందండీ, అంది.

పొట్లం చేతికి రాగానే చూడండి మీరు.
అసలు బండే దొరక్కపోతే ఖాళీ కడుపుతో రాకండి,
ఏదో ఒకటి తినేసి రండి.

ఎంత రాత్రైనా తాళం నా చేతికే ఇవ్వండి,
మేకుకి తగిలించి పోవద్దు.
ఎక్కడెక్కడ చూశారో
చెప్పాలి కదా.